మూగ నగరమా, నోరు మెదపని నగరమా?

నా రాతబల్లకు ఎదురుగా గోడమీద ఒక చిత్రానికి నకలు ఉంది. గులాంమొహమ్మద్ షేఖ్ 1975లో వేసిన తైలవర్ణ చిత్రం అది. ఇంగ్లిషులో దాని పేరు ‘స్పీచ్‌లెస్ సిటీ’. కాస్త ఎత్తు నుంచి చూస్తే కనిపించే ఊరు. ఒకదానికొకటి ఆనుకొని ఇళ్లు, గోడలు, కప్పులు, తలుపులు ఉండవలసిన చోట చీకటి. ఒక్క మనిషి లేడు. పశువులు తిరుగుతున్నాయి, కుక్కలు తిరుగుతున్నాయి. జరగవలసిందేదో జరిగిపోయిందా, ఇంకా జరగనున్నదా అన్నది చూసేవాడే తేల్చుకోవాలి.

ఎన్నికల లెక్కలూ కూటముల తగాదాలూ చదవడానికి ఇక్కడికి వచ్చే పాఠకులకు ఈసారి కొంత నిరాశ తప్పదు. బొమ్మల గురించి రాయడానికి నాకున్న అర్హత కూడా స్వల్పం. నేను కళావిమర్శకుణ్ణి కాను. ఈ చిత్రాన్ని నకళ్లలో మాత్రమే ఎరుగుదును. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఒకప్పుడు నేను రాసిన ఒక వార్తకు ఈ చిత్రం ఇన్నేళ్లుగా సవరణ ప్రచురిస్తూనే ఉంది.

మొదటిసారి దీన్ని చూసింది జర్నలిజంలో పీజీ చేస్తున్న రోజుల్లో, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో. ఏదో పాత పత్రికలో నలుపు తెలుపుల్లో అచ్చయిన అరచేయంత బొమ్మ. రాత్రి దృశ్యమనుకున్నాను. ఊరంతా నిద్రలో ఉందనీ, మనుషులు లేకపోవడానికి అదే కారణమనీ సరిపెట్టుకున్నాను. తరవాత సంవత్సరం చూశాను: 1975. అంతే, నిద్ర సంగతి మరచిపోయాను. ఆ పుటను జిరాక్సు తీయించుకొని, కింద పెన్సిలుతో ఒకే ఒక్క మాట రాసుకున్నాను: ఎమర్జెన్సీ. చాలా ఏళ్ల తరవాత రంగుల్లో చూసినప్పుడు గాని అది రాత్రి కాదని, నిద్రపోతున్న ఊరికి ఉండని వేడి ఏదో ఆ రంగుల్లో ఉందని నాకు తెలియలేదు. ఆ పెన్సిలు మాటను ఇప్పుడు సగం చెరిపేశాను. ఎందుకు చెరిపానో, ఎందుకు పూర్తిగా చెరపలేకపోయానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ మాట రాసుకోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికా కార్యాలయాలకు విద్యుత్తు ఆపేశారు. 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ తన సంపాదకీయం స్థానాన్ని ఖాళీగా వదిలింది. ఆ తరవాతి నెలల్లో లక్షమందికి పైగా నిర్బంధంలోకి వెళ్లారు. మాటలు తగ్గించి పని పెంచమని బస్సుల వెనకా గోడల మీదా నినాదాలు వెలిశాయి. ఆ డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. అలాంటి ఏడాదిలో ఒక చిత్రకారుడు మనుషుల్లేని ఊరు గీసి దానికి మాటలేని నగరమని పేరు పెడితే, ఇరవై రెండేళ్ల జర్నలిజం విద్యార్థి ఇంకేమనుకుంటాడు?

ఖాళీ సంపాదకీయం దగ్గర కొంచెం ఆగాలి. ఎమర్జెన్సీ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఒక వీరగాథలాగా చెప్పుకుంటాం. దాని తరవాత ఏం జరిగిందో అంతగా చెప్పుకోం. అలా ఖాళీలు వదలడం కూడా కుదరదని సెన్సారు అధికారులు ఆజ్ఞాపించారు. రాయకూడనిది రాయవద్దన్నది మొదటి ఆజ్ఞ. రాయలేకపోయామని తెలియనివ్వవద్దన్నది రెండోది. అధికారానికి మౌనంతో పేచీ లేదు, మౌనం కంటికి కనబడితేనే పేచీ. పుట నిండుగా ఉండాలి. వాతావరణమో, ప్రారంభోత్సవమో, క్రికెట్టో, ఏదో ఒకటి నింపి నోరు కట్టేసిన గుర్తు దొరక్కుండా చూడాలి. పత్రికలకు ఆ వెసులుబాటు పోయిన కాలంలో బరోడాలో ఒకాయన ఒక ఊరిని మొత్తంగా ఖాళీగా వదిలిపెట్టాడు. నా విద్యార్థి దశ వ్యాఖ్యానంలో నాకు ఇప్పటికీ ఇష్టమైన భాగం ఇదొక్కటే.

చిక్కు బరోడా అన్నచోటే వచ్చింది.

రాజకీయ చరిత్ర చదివేవాడు తేదీలతో పాటు రాష్ట్రాలను కూడా చూడాలి. ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పిన 1975 జూన్ 12నే గుజరాత్ శాసనసభ ఎన్నికల ఫలితాలు కూడా వెలువడ్డాయి. కాంగ్రెస్ ఓడింది. జనతా మోర్చా తరఫున బాబూభాయ్ జె. పటేల్ జూన్ 18న ముఖ్యమంత్రి అయ్యారు. మరో వారానికి ఎమర్జెన్సీ వచ్చింది. అంటే ఎమర్జెన్సీ మొదటి నెలల్లో, ద్రవిడ మున్నేట్ర కళగం పాలిస్తున్న తమిళనాడుతో పాటు, దేశంలో కాస్త ఊపిరి ఆడిన చోటు గుజరాతే. ఉత్తరాది నుంచి తప్పించుకొచ్చిన ప్రతిపక్షనేతలు అక్కడ తలదాచుకున్నారు. 1976 మార్చిలో ఆ ప్రభుత్వం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. జార్జ్ ఫెర్నాండెజ్ పేరుతో ముడిపడిన డైనమైట్ కేసు బరోడాలో బయటపడింది కూడా ఆ నెలలోనే. ఈ వరుస తెలిశాక నా పెన్సిలు మాట నాకే తేలికగా కనిపించింది. దేశమంతా నోరుమూసుకున్న ఏడాదిలో, పోల్చి చూస్తే మాట్లాడగలిగిన రాష్ట్రంలో కూర్చొని షేఖ్ ఈ మౌనాన్ని చిత్రించాడు. ఢిల్లీ నుంచి వచ్చిన భయం ఆయన్ను తాకలేదని దీని అర్థం కాదు. సెన్సారుకు రాష్ట్ర సరిహద్దులు లేవు. కానీ ఈ మౌనం మొత్తం జూన్ 25 రాత్రే పుట్టి ఉండదు.

వెనక్కి వెళితే 1974 ఉంది. నవనిర్మాణ్ ఉద్యమం, విద్యార్థుల మెస్ బిల్లుల దగ్గర మొదలై ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్‌ను గద్దె దింపిన ఉద్యమం. కర్ఫ్యూలు, కాల్పులు. ఇంకా వెనక్కి వెళితే 1969 సెప్టెంబర్ ఉంది. అహ్మదాబాద్‌లో మొదలై ఇతర పట్టణాలకు పాకిన మతకల్లోలం. అధికారిక లెక్కల్లోనే 660 మంది చనిపోయారు. దానిపై విచారణ జరిపిన కమిషన్‌కు అధ్యక్షత వహించినవారు మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, ఆ ఏడాదే సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. కేశవానంద భారతి కేసులో ఆయన తీర్పును గుర్తుపెట్టుకున్న తెలుగువారు ఉన్నారు గాని, అహ్మదాబాద్ నివేదికను గుర్తుపెట్టుకున్నవారు తక్కువ.

షేఖ్ 1937లో సౌరాష్ట్రలోని సురేంద్రనగర్‌లో పుట్టాడు. బరోడాలో చదివి, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లి, 1966లో తిరిగొచ్చి బరోడాలోనే పాఠాలు చెప్పాడు. తిరిగొచ్చిన మూడేళ్లకే 1969. ఆ ఏడాది మొదలుపెట్టి 1973 దాకా ఆయన వేసిన ఒక చిత్రం పేరు ‘చాలాకాలానికి ఇంటికి తిరిగి రావడం’ అన్న అర్థంలో ఉంటుంది. తల్లి రూపం, వెనక పాత ఊరి ఇళ్లు, మసీదు. ఇల్లు ఉంది, ఇంటిమనిషి ఉంది. 1975కు వచ్చేసరికి ఇళ్లు మిగిలాయి, మనిషి కనబడలేదు. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ‘స్పీచ్‌లెస్ సిటీ’లోని ఖాళీ నాకు మొదటిసారి ఒక పాలనా నిర్ణయంలా కాక ఒక ఇంటి ఖాళీలా తోచింది.

షేఖ్ గుజరాతీలో కవి కూడా. 1974లో వెలువడిన ఆయన కవితా సంపుటి పేరు ‘అథవా’. మనకు తర్జుమా అక్కర్లేని మాట. చిత్రానికి ముందు ఏడాది వచ్చిన పుస్తకానికి ‘లేదా’ అని పేరు పెట్టిన మనిషి దగ్గరకు వెళ్లి, ఇది ఎమర్జెన్సీయా, అల్లర్లా, ఏదో ఒకటి తేల్చమని అడగడం మా వృత్తికి అలవాటైన మొరటుతనం. విలేకరుల సమావేశంలో అవునా కాదా అని అడిగినట్టు బొమ్మను అడుగుతాం.

ఇంకో ఊరి గురించి చెప్పాలి. ఇటలీలోని సియేనా నగరభవనంలో తొమ్మిదిమంది పాలకులు కూర్చునే గదికి 1338, 1339ల్లో అంబ్రోజియో లోరెన్‌జెట్టి గోడచిత్రాలు వేశాడు. ఒకవైపు సుపరిపాలన ఫలితాలు, మరోవైపు దుష్పరిపాలన ఫలితాలు. ఆ సియేనా చిత్రకారుల పట్ల తన ఆరాధనను షేఖ్ ఎప్పుడూ దాచుకోలేదు. సుపాలన ఉన్న నగరంలో నృత్యం చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాడు, పాఠం చెప్పే పంతులు, ఇంటికప్పు మీద మేస్త్రీలు, నగరద్వారంలోంచి సరుకు తోలుకొచ్చే రైతులు. ఎవరి పనిలో వాళ్లు. దుష్పాలన గోడ చాలావరకు దెబ్బతింది. మిగిలిన మేరకు చూస్తే శిథిలమవుతున్న ఇళ్లు, సైనికులు, బయట కాలిన పల్లెలు. అక్కడ సాగుతున్న వృత్తి ఒకటే, ఆయుధాలు చేసేవాడిది. పొలాల మీద ‘భయం’ కత్తి పట్టుకొని ఎగురుతూ ఉంటుంది.

ఇక్కడొక చిన్న సంగతి. సుపరిపాలన వైపు పొలాల మీద కూడా ఒక ఆకృతి ఎగురుతుంది. ఆమె పేరు ‘భద్రత’. ఆమె చేతిలో ఒక ఉరికంబం, దానికి వేలాడుతున్న మనిషి. మంచి పాలనకు కూడా ఉరికంబం కావాల్సి వచ్చిందని చిత్రకారుడు దాచలేదు. పాలకులు కూడా దాచమనలేదు. రైళ్లు వేళకు నడిచాయని ఎమర్జెన్సీని ఇప్పటికీ మెచ్చుకునే పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. వాళ్లతో వాదించినప్పుడల్లా నాకు ఆ ‘భద్రత’ చేయి గుర్తొస్తుంది.

ఆ గదిలో కూర్చుని చూసేవాళ్లు పాలకులు. ఎత్తు మీద నుంచి నగరాన్ని మొత్తం చూడగల చూపు వాళ్లది. షేఖ్ ఆ ఎత్తును తీసుకున్నాడు. మొఘలుల చిత్రాల్లో కూడా అలాంటి ఎత్తే ఉంటుంది, కోటలోపలా బయటా ఏకకాలంలో కనిపిస్తాయి. కానీ ఆ ఎత్తు మీద ఇప్పుడు నిలబడింది పాలకుడు కాదు, నకలు కొనుక్కున్న మీరో నేనో. పాలకుడి చోటు మనకిచ్చి, చూడటానికి ప్రజలను మాత్రం ఇవ్వలేదు. అంతెత్తు నుంచి వెతుకుతాం. ఈ గోడ వెనక ఎవరైనా ఉన్నారా, ఆ చీకటిలో ఒక ముఖం ఉందా అని. దొరకరు. రెండేళ్లుగా వెతుకుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

పశువుల సంగతికి వద్దాం. రాజకీయ పాఠకుడికి ఇక్కడే నోరూరుతుంది. 1971 నుంచి 1977 దాకా ఇందిరాగాంధీ కాంగ్రెస్ ఎన్నికల గుర్తు ఆవూదూడ. ఎమర్జెన్సీలో ఆవు ఎవరో, దూడ ఎవరో చెప్పుకొని జనం గుట్టుగా నవ్వుకున్నారు. కాబట్టి ఊరు ఖాళీ అయి పశువులు మాత్రం తిరుగుతున్నాయంటే ఇంకేం కావాలి? కాలమ్ సిద్ధం. ఇక ఈ పదేళ్లలో బొమ్మను చూసే కుర్రవాడికి ఆవూదూడ గుర్తు తెలియదు. అతనికి ఆవు అనగానే సెల్‌ఫోన్ వీడియోలు, రహదారి పక్క మూకలు గుర్తొస్తాయి. అతను కూడా అంతే నమ్మకంగా ఇది మన కాలం గురించే వేసిన బొమ్మ అంటాడు. యాభై ఏళ్ల కిందటి పశువు మీద ఎవరి కాలపు ముద్ర వాళ్లం వేస్తున్నాం. నేనూ ఒక వ్యాసంలో ఈ పోలిక వాడాను, అప్పుడు మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి.

పశువు పశువే కావచ్చన్న ఆలోచన నాకు బొమ్మలోంచి రాలేదు. ఒక వీధిలోంచి వచ్చింది.

ఉత్తరాదిలో ఒక చిన్న పట్టణం. పేరు, సంవత్సరం చెప్పను. అక్కడి మనుషులు ఇంకా అక్కడే బతకాలి. అల్లర్లు జరిగిన నాలుగో రోజు. కర్ఫ్యూ రెండు గంటలు సడలించారు. నేనూ ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడూ ఒక జీపులో వెళ్లాం. వీధి మొదట్లో ఒక అధికారి కలిసి, పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందని, రాత్రి నుంచి ఒక్క ఘటన లేదని చెప్పారు. మర్యాదస్తుడు, టీ కూడా తెప్పించారు. వీధిలోకి నడిచాం. నిజంగానే ఏమీ లేదు. నేను పుస్తకంలో రాసుకున్న మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి: దుకాణాలు మూసి ఉన్నాయి, జనసంచారం లేదు, ప్రశాంతం.

ప్రశాంతమని రాసిన ఆ వీధిలో గేదెలు అరుస్తున్నాయి. ఒకటి రెండు కాదు. నేను విన్నాను, కానీ అది వార్తకు సంబంధించిన శబ్దమని నాకు తోచలేదు. సందు చివర ఒక వృద్ధుడు గడపలో కూర్చొని ఉన్నాడు. పెద్దాయనను పలకరించి, ఇప్పుడెలా ఉందని అడిగాను. ఆయన నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ‘వినబడటం లేదా బేటా? నాలుగు రోజులైంది, పిండేవాళ్లు లేరు. పొదుగులు రాయి కట్టిపోయాయి’ అన్నాడు. ఎవరివని అడిగాను. ఎదురింటి వాళ్లవన్నాడు. వాళ్లెక్కడని అడిగితే చేతిని గాల్లో ఒకవైపు ఊపాడు. తాను వెళ్లి పలుపులు విప్పేస్తే తిండి వెతుక్కుంటాయని, కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టడం ఎవరైనా చూస్తే ఏమవుతుందోనని, అందుకే రాత్రి దాకా ఆగుతానని చెప్పాడు.

తిరుగుదారిలో మిత్రుడు తన కెమెరాలో చిత్రాలు చూపిస్తూ ఒక మాటన్నాడు. ‘నువ్వు తలుపులు చూశావా? కొన్నిటికి బయట తాళాలు. కొన్నిటికి తాళం లేదు, లోపల గడియ. కొన్నిటికి అసలు తలుపే లేదు.’ వెళ్లిపోయినవాళ్లు, దాక్కున్నవాళ్లు, మిగలనివాళ్లు. వీధి మొత్తం జనాభా లెక్కల పత్రంలా తెరిచి ఉంటే నేను అధికారి చెప్పిన వాక్యం రాసుకొచ్చాను.

పంపిన వార్తలో ‘పట్టణంలో ప్రశాంతత నెలకొంది’ అన్న వాక్యం అలాగే ఉంది. దాన్ని ఎవరూ నా చేత రాయించలేదు. సెన్సారు లేదు, యజమాని ఫోన్ చేయలేదు, డెస్క్‌లో ఎవరూ మార్చలేదు. గేదెల మాట ఒకటి చివరి పేరాలో పెట్టాను, స్థలాభావం వల్ల అది పోయింది. దాన్ని మొదటి వాక్యంగా రాసి ఉంటే పోయేది కాదు. ఇన్నేళ్ల తరవాత కూడా నా సంజాయిషీ ఇంతకు మించి లేదు.

ఆ ప్రయాణం తరవాత షేఖ్ చిత్రంలోని పశువులు నాకు వేరేగా కనిపించాయి. ఆవూదూడ గుర్తు పోయింది, సెల్‌ఫోన్ వీడియోలూ పోయాయి. వాటిని రాత్రిపూట ఎవరో విప్పేశారు. లేదా అవే తెంచుకున్నాయి. మనుషులు ఎటు వెళ్లారో వాటికి తెలియదు, తెలిసినా చెప్పలేవు. కుక్కలు మాత్రం ఊరు ఖాళీ అయినప్పుడు తమకేం దొరుకుతుందో తెలిసిన జీవులు. ఇదంతా బొమ్మలో ఉందని నేను ప్రమాణం చేయలేను. ఒక వీధిలో ఒక గంట నిలబడిన మనిషి ఆ బొమ్మలోకి తీసుకెళ్లిన సరుకు ఇది. అయినా ఎన్నికల గుర్తు తీసుకెళ్లడం కంటే ఇది నయమని నా అభిప్రాయం. గుర్తు బొమ్మను మూసేస్తుంది, ఇక చూడక్కర్లేదు. పశువును పశువుగా చూస్తే అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వెనక ఒక ఇల్లు, ఇంటి వెనక ఒక పేరు వస్తాయి.

ఇప్పుడు పేరు. ఈ చిత్రం గురించి తెలుగులో రాయాలని చాలాసార్లు అనుకొని ఆగిపోయింది పేరు దగ్గరే. ‘మూగ నగరం’ అనడం సులువు, శీర్షికకు బాగుంటుంది. కానీ మూగతనం మన భాషలో పుట్టుకతో వచ్చేది, ఎవరి తప్పూ లేనిది. మూగజీవాలంటాం. ఆ ఊరు అలాగే పుట్టిందని ఒప్పుకున్నట్టవుతుంది. ‘మాట పడిపోయిన నగరం’ అంటే పక్షవాతం వచ్చినట్టు, నిన్నటిదాకా మాట్లాడి ఇవాళ ఆగినట్టు. ఇందులో ఒక దెబ్బ ఉంది, దెబ్బ తగిలిన తేదీ ఉంది. ఎమర్జెన్సీ వ్యాఖ్యానానికి ఇది సరిపోతుంది. ‘నోరు మెదపని నగరం’ అంటే మాట ఉంది, గొంతు ఉంది, అయినా మెదపలేదు. భయంతో కావచ్చు, లాభంతో కావచ్చు. ఎదురింటి గేదెలు అరుస్తుంటే లోపల గడియ పెట్టుకున్న ఇళ్లన్నీ ఈ మూడో అనువాదంలోకి వస్తాయి. 1969కి అదే సరిపోతుందేమో. ప్రభుత్వం నోరు నొక్కినప్పుడు ఊరు మాట పోగొట్టుకుంటుంది. పక్కింటివాణ్ణి తరిమినప్పుడు ఊరే నోరు మెదపదు. మొదటి దానికి మనం విచారణ సంఘాలు వేశాం, సంస్మరణ దినాలు జరుపుతున్నాం. జూన్ 25 వస్తే అన్ని పార్టీలూ ఏదో ఒక ప్రకటన ఇస్తాయి. రెండో దానికి కూడా సంఘాలు వేశాం. జస్టిస్ జగన్మోహన్ రెడ్డి నివేదిక ఉంది, ఆ తరవాత మరెన్నో పట్టణాల పేర్లతో నివేదికలు ఉన్నాయి. సంస్మరణ దినం ఒక్కదానికీ లేదు.

ఇంగ్లిషు పేరులో ఈ మూడూ ఇమిడిపోయాయి. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకుంటే పక్షం వహించినట్టే. అందుకే పైన ప్రశ్నార్థకం పెట్టాను. సంపాదకులు ప్రశ్నార్థకపు శీర్షికలను ఇష్టపడరు. ఇక్కడ సంపాదకుణ్ణి నేనే.

ఖాళీ వీధుల దృశ్యాలు మనకు కొత్త కాదు. 2019 ఆగస్టులో శ్రీనగర్ వీధులను టీవీల్లో చూశాం. ఒకే దృశ్యం కింద కొందరు ప్రశాంతత అని రాశారు, కొందరు నిర్బంధమని రాశారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో ఢిల్లీ రాజమార్గాల ఖాళీని చూసి ఎంత అందంగా ఉందో అని మురిసిపోయినవాళ్లున్నారు. నేనూ ఒక సాయంత్రం మురిశాను. ఆ రోడ్ల మీది జనం అప్పటికి ఘాజియాబాద్ వైపు, ఇంకా ముందుకు, మూటలు నెత్తిన పెట్టుకొని నడుస్తున్నారు. ఖాళీ వీధి ఫొటోలో వాళ్లు ఉండరు, ఫొటో ఆ వీధిది కాబట్టి. మనుషుల్లేని దృశ్యాన్ని అందమనో ప్రశాంతమనో పిలిచే ముందు వాళ్లు ఫ్రేములోంచి ఎటు బయటికి వెళ్లారో కనుక్కోవడం విలేకరి పని. చిత్రకారుడికి ఆ బాధ్యత లేదు. ఆయన ఖాళీని ఖాళీగా చూపితే చాలు, మిగతా యాతన చూసేవాడిది.

1981, 84 మధ్య షేఖ్ మరో నగరం గీశాడు. ‘సిటీ ఫర్ సేల్’. అది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో జనమే జనం. కూరగాయలు అమ్మే మనిషి, ‘సిల్‌సిలా’ సినిమా, దాని చుట్టూ అంటుకుంటున్న బరోడా. ఆ చిత్రంలో మాటలకు కొదవ లేదు. దాని గురించి రాయాలంటే మరో వ్యాసం అవుతుంది. ఖాళీ ఊరిని చూసి భయపడ్డవాడు నిండిన ఊరిని చూసి ఊరట పొందనక్కర్లేదని మాత్రం అది చూశాక అనిపించింది.

గత నెల మా దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి ఒక వార్త రాసి చూడమని పంపింది. రెండు వర్గాల ఘర్షణ జరిగిన ఊరు, మూడో రోజు. రెండో పేరాలో ‘పరిస్థితి అదుపులో ఉంది’ అని ఉంది. తప్పేమీ లేదు, అధికారిని ఉటంకించింది. ఎవరి అదుపులో ఉందమ్మా అని అడిగాను. ‘అర్థం కాలేదు సార్’ అంది. నిజానికి నాకు కూడా ఆ ప్రశ్న ఎలా వివరించాలో తెలియలేదు. గోడమీది బొమ్మ చూపించాను. కాసేపు చూసి, ‘ఈ ఊళ్లో పాలు ఎవరు పోస్తున్నారు సార్?’ అంది. గేదెల సంగతి నేను ఆమెకు అప్పటికి చెప్పలేదు. వెళ్లి ఆ ఊరికి మళ్లీ ఫోన్ చేసింది. పాలకేంద్రానికి పోసేవాళ్లు మామూలు రోజుల్లో ఎంతమంది, ఆ ఉదయం ఎంతమంది వచ్చారు, రానివాళ్లు ఏ వీధివాళ్లు అని అడుగుతుంటే ఇవతల నుంచి విన్నాను. అవతలి మనిషి ఫోన్ పెట్టేసినట్టున్నాడు. ఆమె మరో నంబరు కలిపింది.